నేల కిటికీ

తెల్లారగట్ల నాలుగింటికి
ఒక బూటు దొరికింది, రెండోది దొరకలేదు.
తెక్లే ఒంటికాలి మీద గెంతుతూ
"దానికి నిద్ర పట్టలేదమ్మా, బయటికెళ్ళింది" అంది.
నాకు నవ్వడానికి టైము లేదు.
వానబూట్లు తొడిగి చంకనేసుకుని పరుగు.
కొట్లో పిండి అప్పటికే పొంగి తొట్టి అంచు దాటుతోంది,
దానికీ ఒకచోట ఉండడం తెలీదు.

తిబిలిసీలో, సోలొలాకి పాత వీధిలో
మా రొట్టెల కొట్టు
నేలకి ఆరు మెట్లు కింద.
ఉన్నది ఒక్క కిటికీ, అదీ వీధి పాదాల ఎత్తున.
ఆకాశం మా వాటాకి రాలేదు.
వచ్చేదల్లా బూట్లు, చక్రాలు, కుక్కల కాళ్ళు,
వానొస్తే ఇంత బురద.

బావిలాంటి మట్టి పొయ్యిలోకి
నడుం దాకా వంగి
లోపలి గోడకి నేను రొట్టె అతికిస్తుంటే
వెనకనుంచి ప్రశ్నలు:
"నిప్పుకి ఆకలేస్తే రొట్టె తినేస్తుందా?"
"నువ్వు పడిపోతే నిన్ను కూడా పొడుగ్గా కాలుస్తారా?"
"ఉప్పు తింటే మనకి దాహం కదా, మరి ఉప్పుకి దాహమేస్తే?"
పొయ్యిలో తల పెట్టినవాళ్ళు ఏం చెప్తారు?
ఊఁ అంటాను.
నా ఊఁలన్నీ పోగేస్తే
ఈపాటికి ఓ బస్తా అయ్యేవి.

ఆ బస్తాల మీదికెక్కి
అద్దానికి ముక్కు నొక్కి
వీధిని చదువుతుంది నా నాలుగేళ్ళ పిడుగు.
"పిల్లిబూట్లు వస్తున్నాయి, రెండు రొట్టెలు తియ్యి!"
నిజమే, చప్పుడు లేకుండా మెట్లు దిగేది ఝుజునా టీచరే.
"గోధుమరంగు బూట్లకి ఇవాళ కోపంగా ఉంది."
అంటే ఓటియా తాత, కర్ర ముందు, కాలు వెనక.
"లేసు ఊడినవి పరిగెడుతున్నాయి, పడతాయి చూడు!"
పేర్లు దానికి అక్కర్లేదు,
మొహాలు అసలే అక్కర్లేదు.

ఆ సంగతి నాకు మొన్న ఆదివారం పార్కులో తెలిసింది.
ఓటియా తాత ఎదురొచ్చి చెయ్యి చాపితే
నా వెనక దాక్కుంది.
రోజూ చూసే మనిషి! ఆయన చిన్నబుచ్చుకున్నాడు.
అంతలో కిందికి చూసి
"అరే, నువ్వా!" అని
వంగి బూటు ముక్కుని తట్టింది,
చుట్టాన్ని పలకరించినట్టు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.
బడిలో చోటు వచ్చే ఏడాది దాకా లేదన్నారు,
వాళ్ళ నాన్న లారీ బతూమి దారిలో ఎక్కడుందో,
పిల్లకి లోకాన్ని మోకాళ్ళ కిందనుంచి నేర్పుతున్నానా?
నిద్ర పట్టలేదంటే, ఏడు నిమిషాలు.
తర్వాత ఒళ్ళు తెలీలేదు.
దిగులుక్కూడా తీరిక ఉండాలి.

ఇవాళ మధ్యాహ్నం కరెంటు బిల్లు గొడవ.
పిల్లని మగ్దాకి అప్పగించి
ఆఫీసులో మూడు కౌంటర్ల ముందు నిలబడి
నాలుగోది మూసేశారని విని
తిరిగొచ్చాను.
మా కిటికీ అద్దం సందులోంచి మాట వినబడింది:
"మగ్దా, తెల్లబూట్లొస్తున్నాయి.
వెళ్ళేటప్పుడు గబగబా వెళ్ళాయి,
ఇప్పుడు నిద్రపోతూ నడుస్తున్నాయి.
వాటికి రొట్టె వద్దు. కుర్చీ వెయ్యి."

నా బూట్లు నల్లవి.
కొన్ననాడు నల్లవి.

వెంటనే మెట్లు దిగలేకపోయాను.
ఎవరేమనుకున్నా సరేనని
నడిరోడ్డు పక్కన మోకాళ్ళూ మోచేతులూ ఆనించి
చెంప రాళ్ళకి తగిలేదాకా వంగి
కిటికీలో నా మొహం పెట్టాను.
ఒక్క క్షణం అది నన్ను గుర్తుపట్టలేదు.
తర్వాత నాలుక బయటపెట్టింది.
నేనూ పెట్టాను.
వెనకనించి ఎవరో, చప్పుడు లేని నడక,
ఆగి, "ఏమైనా పోగొట్టుకున్నావా అమ్మా?" అని అడిగారు.
లోపల రొట్టె మాడుతున్న వాసన.

రెండో బూటు రాత్రి మంచం కింద దొరికింది.
దాన్నిండా నీళ్ళు,
అడుగున గుప్పెడు ఉప్పు.